తడిగడ్డి లోపలి వేడి

రఫీలా మారామురెష్ అనే కొండసీమలోకి కాపురానికొచ్చిన మొదటి వేసవి అది. ఆమె పుట్టిల్లు గోధుమలు పండే మైదానంలో. కోసిన పైరు మీద చినుకు పడితే అక్కడ ఇంటిల్లిపాదీ పరుగెత్తి కుప్ప వేసేవాళ్లు. కొండమీది గడ్డి సంగతి ఆమెకు కొత్త.

ఆ ఉదయం ఆమే, అత్త తొదోసియా కలిసి వాలంతా గడ్డి కోశారు. మధ్యాహ్నానికి చినుకులు మొదలయ్యాయి. ఆవు పాలు పిండాలని తొదోసియా ఊళ్లోకి దిగుతూ, తను వచ్చేదాకా గడ్డి ముట్టుకోవద్దని చెప్పి వెళ్లింది. ఎందుకో చెప్పలేదు. వాన ముదిరి వాగు పొంగడంతో తిరిగి రాలేకపోయింది.

చలికాలపు మేతంతా కళ్లముందే నానిపోతుంటే రఫీలా వాలు మీది గుడిసెలో కూర్చోలేకపోయింది. వానలోనే గడ్డి ఈడ్చి ఈడ్చి తనంత ఎత్తు కుప్ప వేసింది.

మూడోనాడు ముసురు విడిచాక తొదోసియా పైకి వచ్చింది. కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"తిడితే తిట్టత్తా. తడిసిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయా."

"పచ్చిగడ్డి నేలమీద తడిస్తే మళ్లీ ఆరుతుందే పిల్లా. కుప్పేస్తేనే పాడయ్యేది. చెయ్యి పెట్టి చూడు."

పైన గడ్డి మంచులా చల్లగా ఉంది. రఫీలా మోచేతి దాకా లోపలికి పోనిచ్చి, ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంది. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె లోపల ఉన్నంత వేడి. నిప్పు లేదు, ఎండ లేదు. అంత వానలో అంత వేడి ఎక్కడిదో అర్థంకాక మళ్లీ చెయ్యి పెట్టింది.

"అత్తా, ఇది బతికే ఉంది," అంది మెల్లగా.

"మనం కోసేశామనుకుంటాం. ఆ సంగతి దానికి తెలియొద్దూ?"

తొదోసియా కూడా పక్కనే చేతులు దూర్చింది. ఇన్నేళ్లయినా ఇది తగిలితే ఒళ్లు జలదరిస్తుందని చెప్పింది.

తర్వాత కుప్ప విప్పారు. పుల్లటి వాసనతో ఆవిరి గుప్పుమని లేచింది. అదే సమయానికి శిఖరం మీదుగా ఎండ రావడంతో, పరిచిన గడ్డి పొడవునా వాలంతా పొగలు కక్కసాగింది. కొండ మొత్తం ఊపిరి వదులుతున్నట్టుంది. తొదోసియా శిలువ గుర్తు వేసుకుంది.

సాయంత్రం దాకా గడ్డి తిరగేసి, కొమ్మల గుంజలు పాతి వాటి మీద ఆరేశారు. అది బాగానే ఎండింది. కుప్ప నడిమి గడ్డి మాత్రం గోధుమరంగుకు తిరిగి, ఆవు కింద పరవడానికే పనికొచ్చింది. దాన్ని గోతాంలో మోస్తూ రఫీలా మాటిమాటికీ చెయ్యి దూర్చి చూసింది.

తొదోసియా నవ్వింది. "చల్లారిందిలే. ఇక నడు."