చదివి వినిపించని కాగితం

ఖుర్షీద్ బేగం బొటనవేలు ఇంకుప్యాడ్ దాకా వచ్చేసరికి దస్తావేజులు రాసే లింగస్వామి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. చదివినంకనే ముద్ర."

"జల్దీ కానియ్యుండ్రి సాబ్" అని ఆమె తమ్ముడు విసుక్కున్నాడు.

శామీర్‌పేట రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుటి రేకుల షెడ్డులో ఇది రోజూ ఉండేదే. లింగస్వామి దస్తావేజు మొత్తం గట్టిగా చదివాడు. "మీ మతంల కొడుక్కు రెండు పాళ్లు, బిడ్డకు ఒకటి. గా ఒక్కటి గూడ వద్దని రాసిస్తున్నవ్. సమజైందా?" నిన్న ఎస్తేరమ్మకూ ఇలాగే చెప్పాడు, క్రైస్తవుల్లో కొడుకూ కూతురూ సమానమని. ఖుర్షీద్ బేగం తమ్ముడి మొహం చూసి, చెయ్యి మెల్లగా కొంగులో దాచుకుంది. తమ్ముడు కాగితాలు లాక్కుని పోయాడు. లింగస్వామికి వాళ్లు పెట్టిన పేరు వాటాల సారు; ఆ సారుకు ఇంకో బేరం పోయిందని పక్క షెడ్డువాళ్లు నవ్వారు.

లింగస్వామి తన జన్మలో ఒక్కరికే చదివి వినిపించలేదు. పద్దెనిమిదేళ్ల కింద, పాసుబుక్కు కోసమని చెప్పి, చెల్లెలు జంగమ్మ చేత హక్కు వదులుకునే కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. హిందువుల్లో పెళ్లైపోయిన ఆడపిల్లకూ సమాన వాటా అని చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లే. ఆ సంగతి ఊళ్లో అందరికంటే ముందు తెలిసింది అతనికే. చీరా రైకా పెడితే ఆమె కళ్లకద్దుకుని తీసుకుంది. ఆ కళ్లకద్దుకోవడమే అతన్ని ఇన్నేళ్లూ తినేసింది.

తండ్రి పొలం లేఅవుటై, ప్లాట్లుగా అమ్ముడుపోయి, చివరికి లాల్‌గడి మలక్‌పేట్‌లో నాలుగు వందల గజాలు మిగిలాయి. అందులో సగం జంగమ్మకు రాసిస్తూ పొద్దున్నే దస్తావేజు తనే టైపు చేసుకున్నాడు. రిజిస్ట్రేషన్ మూడున్నరకు.

కుత్బుల్లాపూర్‌లో అద్దె గదిలో ఉండే జంగమ్మ, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మధ్యాహ్నం బస్సు దిగింది.

"ఏంది కాగితం, అన్నా?"

"నీకు మంచిదే చెల్లె. నువ్వైతే ముద్ర వెయ్యి. తిన్నంక సదివి జెప్తా. అప్పుడు నేను సంతకం పెడ్త."

చదివితే పాత కాగితం సంగతీ చెప్పాలి. ఆమె ఇంకేమీ అడక్కుండా ముద్ర వేసి, వేలికంటిన ఇంకు జుట్టుకు రాసుకుంది.

అతను రెండు ముద్దలు తిని టిఫిన్ డబ్బా మూత పెట్టాడు.

"ఛాతిల బరువుగుంది. జరసేపు తల వాలుస్త" అని బల్ల మీద తల ఆనించాడు.

మూడున్నరకు అటెండరు వచ్చి పేరు పిలిచాడు. జంగమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుంది. "మెల్లగ అను బిడ్డా. మా అన్న ఇప్పుడే పండిండు." అటెండరు తర్వాతి పేరు పిలిచాడు. ఆమె కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది. నాలుగు దాటాక భుజం తట్టింది. బల్ల మీది చెయ్యి జారి పక్కకు వేలాడింది. పట్టుకుంటే చల్లగా ఉంది.

అంబులెన్సులో జంగమ్మ కూడా వెళ్లిపోయింది. బల్ల మీద కాగితం అలాగే ఉంది. తీసుకునేవారు అన్నచోట నీలం వేలిముద్ర, ఇచ్చేవారు అన్నచోట ఖాళీ.