మొదటి వరసలో మూఫా

సులేమా బోన్‌ఫాంటేకి అరవై ఏళ్ళు దాటేదాకా నాటకాల రుచి తెలియదు. తల్లి మంచాన పడి పందొమ్మిదేళ్ళు బతికింది. ఆవిడ పోయిన మూడో నెలలో పక్కింటి మీర్తా వచ్చి, "ఇంకా ఎన్నాళ్ళే ఇలా గోడలు చూస్తూ కూర్చుంటావు? గురువారం మాతో రా" అని నాటకశాలలు వరసగా ఉండే కొరియెంతెస్ వీధికి లాక్కుపోయింది. ఆ తర్వాత సులేమాని ఇంట్లో పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. గురువారం నాటకం, శనివారం మ్యూజియం, ఆదివారం పార్కులో బ్యాండు మేళం, మధ్యలో సగం ధర టిక్కెట్ల కిటికీ ముందు క్యూ. నాటకం అయ్యాక పిజ్జా కొట్లో నిలబడే రెండు ముక్కలు తిని, ఆ నటుణ్ణీ ఈ నటినీ ఉతికి ఆరేయడం. వంటింటి క్యాలెండరులో ఒక్క గడి ఖాళీగా కనబడితే ఆవిడకి తిండి సహించేది కాదు.

గురువారం జట్టు ఏడుగురు. దానికి పెద్ద బేబా. బేబా అంటే పాపాయి అని అర్థం, ఆ పాపాయికి డెబ్బై మూడేళ్ళు. ఏ నాటకానికి వెళ్ళాలో, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో అన్నీ ఆవిడే తేల్చేది. భర్త బతికున్నన్నాళ్ళూ ఆయన మీద పెత్తనం చేసింది. ఆయన పోయాక ఈ ఆరుగురి మీద పడింది. సులేమాకి అదీ బాగానే ఉండేది. ఎక్కడ కూర్చోవాలో చెప్పే మనిషి ఉండటం కూడా ఒక సుఖమే కదా.

రెండేళ్ళు అలా హాయిగా గడిచాక డిసెంబరులో ఒక పెద్ద హీరోకి విరామంలో గొంతు పోయింది. తెర దించేసి జనాన్ని ఇంటికి పంపారు. జనవరిలో, అక్కడ అది నడి వేసవి, ఒక సంగీత నాటకం మధ్యలో కరెంటు పోతే నలభై నిమిషాలు చీకట్లో చెమటలు కక్కుతూ కూర్చున్నారు. ఫిబ్రవరిలో తీగ్రే నదిలో విహారానికి పోతే లాంచీ ఇంజను ఏటి మధ్యలో చచ్చింది. దోమలు ఏడుగురినీ సమానంగానే కుట్టాయి. కానీ బేబా తన చేతి మీద దద్దుర్లు గోక్కుంటూ, "మనలో ఎవరిదో ఐరన్ లెగ్గు ఉందర్రోయ్" అంది. అందరూ నవ్వారు. సులేమా కూడా నవ్వింది. నవ్వాక చూస్తే మిగతా ఆరుగురూ తనవైపే చూస్తున్నారు.

ఆ ఊళ్ళో అలాంటి మనిషిని మూఫా అంటారు. పాదం పెట్టిన చోట మంచి జరగదన్నమాట. నాటకాల వాళ్ళకి మూఫా అంటే ప్రాణభయం. మూఫాగా ముద్ర పడ్డవాళ్ళ పేరు నోటితో అనరు. ఎవరైనా పొరపాటున అంటే ఆడవాళ్ళు కీడు సోకకుండా చటుక్కున ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకుంటారు. మగవాళ్ళు ఎక్కడ వేసుకుంటారో ఇక్కడ చెప్పడం బాగుండదు.

మార్చిలో జట్టు వాట్సాప్ గ్రూపు మూగబోయింది. "రేపు ఎన్నింటికి?" అని సులేమా పెట్టిన మెసేజే చివరిది. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. మీర్తాని అడిగితే, "అందరికీ ఒంట్లో బాగుండటం లేదే" అంది. ఆరుగురికీ ఒకేసారి ఏం రోగం వచ్చిందో సులేమాకి అర్థం కాలేదు.

ఏప్రిల్లో ఒక గురువారం ఇంట్లో ఉండలేక ఒంటరిగా కొరియెంతెస్ వెళ్ళింది. థియేటరు హాల్లో ఆరుగురూ కోట్లు వేసుకుని నిలబడి ఉన్నారు. ఒక్కరికీ ఒంట్లో నలతగా ఉన్నట్టు లేదు.

"అరె, అనుకోకుండా కలిశామే!" అంది బేబా.

"ఆరుగురూ అనుకోకుండానే కలిశారా?" అంది సులేమా.

ఆరు చేతులు మెల్లిగా పైకి లేచి ఎడమ రొమ్ముల దగ్గర ఆగాయి. మీర్తా మాత్రం మెడలో గొలుసు సర్దుకుంటున్నట్టు నటించింది. అంత పిరికిది.

"మీర్తా, నువ్వు కూడానా?"

"నేనేం అనలేదే... అందరూ అనుకుంటున్నారు..."

"ఏమనుకుంటున్నారు? గొంతు పోయిన రోజు మీరు లేరా? కరెంటు పోయిన రోజు మీరు లేరా? ఆ లాంచీలో దోమలు నన్నొక్కదాన్నే కుట్టాయా?"

"మేం పద్నాలుగేళ్ళుగా తిరుగుతున్నాం తల్లీ," అంది బేబా తీరిగ్గా. "ఇన్నేళ్ళలో ఒక్క బల్బు కూడా మాడలేదు. నువ్వొచ్చాకేగా ఇదంతా! పోనీ, నీ మీద మాకు కోపమేం లేదు. దూరంగా ఉండు, చాలు."

"నా పేరు పెట్టి చెప్పు ఆ మాట."

బేబా చెయ్యి తీయకుండా తల అడ్డంగా ఊపింది. సులేమా టిక్కెట్టు చింపేసి ఇంటికి వచ్చేసింది. ఏడుపు రాలేదు. వాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది, అది కుదరక వంటింట్లో రెండు పళ్ళేలు పగలగొట్టింది.

ఆ చలికాలమంతా ఆవిడ పేరు ఎవరి నోటా రాలేదు. మందుల షాపులో ఇంటిపేరు. బ్యాంకులో నెంబరు. మేడ మెట్ల మీద మీర్తా ఎదురైతే "ఏమే" అని జారుకునేది. క్యాలెండరు గళ్ళన్నీ తెల్లగా ఉండిపోయాయి. నాటకాలకి ఒంటరిగా వెళ్ళకపోలేదు గానీ, బయటికి వచ్చాక ఆ నటుడు ఎంత చెత్తగా చేశాడో చెప్పుకోవడానికి పక్కన మనిషి లేకపోతే సగం ఆనందం అక్కడే పోతుంది. ఆవిడకి కావలసింది పెద్దదేం కాదు. "సులేమా, నీకెలా ఉందే?" అని ఎవరైనా అడగాలి, అంతే.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం తలుపు తీస్తే గుమ్మంలో బేబా. చేతిలో చిన్న కేకుల పెట్టె, పైన బంగారు దారం.

"లోపలికి రానిస్తావా?"

"భయం లేదా? పైకప్పు కూలిపోతుందేమో."

బేబా పైకప్పు వైపు నిజంగానే ఒకసారి చూసి, కుర్చీ అంచు మీద కూర్చుంది. "చూడు, మా అమ్మాయి హిమేనా సంగతి నీకు తెలుసుగా. పగలంతా ఆదాయప్పన్ను ఆఫీసు, సాయంత్రమంతా రిహార్సలు. ముప్ఫై ఎనిమిదేళ్ళకి మొదటిసారి పెద్ద వేషం దొరికింది. ఈ ఆదివారమే మొదటి ఆట. నువ్వు రావద్దు. చేతులు జోడించి అడుగుతున్నా."

"ఏ నాటకం?"

"అదేంటి? మీర్తా చెప్పలేదూ?"

"మీర్తా నాకు టైమెంతైందో కూడా చెప్పట్లేదు. నువ్వు చెబితేనే తెలిసింది."

బేబా మొహం చూడాలి అప్పుడు. తన నోటితో తనే తెచ్చిపెట్టుకుంది. పెట్టె బల్ల మీద పెట్టేసి, "నీకు పుణ్యముంటుంది" అంటూ లేచింది.

"పేరు పెట్టి అడుగు, రాను," అంది సులేమా.

బేబా నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. మాట మాత్రం బయటికి రాలేదు. కూతురి జీవితం మీద ప్రమాణం చేసినట్టు చెయ్యి ఎడమ రొమ్ము మీద పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

కేకులు తింటూ సులేమా ఆలోచించింది. వెళ్ళకపోతే, ఆట బాగా ఆడితే, చూశారా ఆవిడ రాలేదు కాబట్టే అంటారు. ఇక ఆ ముద్ర కాటికి వెళ్ళినా చెరగదు. వెళితే, ఏదైనా పాడైతే, అప్పుడూ అంతే. ఒక్కటే దారి. వెళ్ళాలి, ఆ నాటకం బ్రహ్మాండంగా ఆడాలి. లోకంలో తనకి పరమ అసహ్యమైన మనిషి కూతురు గెలవాలని దేవుడికి దండం పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండింది గానీ దండం మాత్రం గట్టిగానే పెట్టింది.

పేపర్లో హిమేనా పేరు వెతికితే నాటకం పేరూ, ఆడే చోటూ తెలిశాయి. లైబ్రరీలో ఆ పాత నాటకం పుస్తకం దొరికింది. నాలుగుసార్లు చదివింది. ఎక్కడ నిచ్చెన ఉంది, ఎక్కడ దీపం వెలిగించాలి, ఎక్కడ గాజు గ్లాసు పగలాలి, ఏది ఎప్పుడు బెడిసికొడుతుందో ముందే తెలిస్తే గుండె కొంచెం గట్టిగా ఉంటుందని. నాలుగోసారికి మాటలన్నీ నోటికి వచ్చేశాయి.

ఆదివారం సాయంత్రం ఆరు గంటలకి అబాస్తో పేటలో ఒక పాత గ్యారేజీ. నలభై ఎనిమిది కుర్చీలు. మొదటి వరసలో కూర్చుంటే నటుల బూట్లు మన బూట్లకి తగులుతాయి. సులేమా అక్కడే, సరిగ్గా మధ్యలో కూర్చుంది. బూడిదరంగు గౌను వేసుకుంది. నాటకాల వాళ్ళకి పసుపురంగు పడదు, ఆ వంక కూడా మిగల్చకూడదని రుమాలుతో సహా అన్నీ రెండుసార్లు చూసుకుంది. వెనక వరసలోకి గురువారం జట్టు వచ్చింది. కుర్చీలు కిర్రుమన్నాయి, తర్వాత ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు.

"వచ్చేసింది," అని బేబా గొణిగింది. "నా కూతుర్ని మింగడానికి వచ్చేసింది."

"నీ వైపు తిరిగి చెప్పనా ఎందుకొచ్చానో?" అంది సులేమా తల తిప్పకుండా.

"ష్!" అన్నారు పక్కవాళ్ళెవరో.

దీపాలు ఆరాయి, వెలిగాయి. హిమేనా విధవరాలి వేషంలో వచ్చింది. పది నిమిషాలు గడిచేసరికి సులేమాకి చిరాకు పుట్టింది. పిల్ల నిజంగానే బాగా చేస్తోంది. తల్లి పొగరంతా దీనికి నటనగా మారినట్టుంది. నిచ్చెన పడలేదు. దీపం ఆరలేదు. గాజు గ్లాసు పగలాల్సినప్పుడే పగిలింది. సులేమా పిడికిళ్ళు బిగించి, రానున్న ప్రతి మాటనీ లోలోపల ముందే అనుకుంటూ కూర్చుంది.

రెండో అంకం మధ్యలో మరిది వచ్చి ఆమె కాళ్ళ మీద పడి ఏడవాలి. పడ్డాడు, ఏడ్చాడు. ఇక హిమేనా మాట్లాడాలి.

మాట్లాడలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క క్షణం, రెండు, నాలుగు. మరిది ఆ ఏడుపు ముగించి ఇంకో విడత మొదలుపెట్టాడు. వెనక నుంచి బేబా నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. ఆరు చేతులు ఎక్కడికి పోయాయో సులేమాకి చూడకుండానే తెలుసు. అయిపోయింది, ఇక నా పేరు ఈ ఊళ్ళో ఎవరూ ఎత్తరు అనుకుంది. ఆ కోపంలోనే పళ్ళ మధ్య నుంచి అనేసింది:

"ముందు వెళ్ళి గ్యాస్ బిల్లు కట్టు, ఏడుపు తర్వాత."

హిమేనా కళ్ళు కిందికి దిగి ఆమె మీద ఆగాయి. తర్వాత మరిదిని కాలితో మెల్లిగా పక్కకి నెట్టి, ఆ మాట అంది. ఎంత విసుగ్గా అందంటే గ్యారేజీ అంతా ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వుతో నాటకం ఎక్కడికో వెళ్ళిపోయింది. చివర్లో నలభై ఎనిమిది మందీ లేచి నిలబడ్డారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సులేమాయే. నా కోసం కొడుతున్నానే, నీ కోసం కాదు అనుకుంటూ కొట్టింది.

బయట వసారాలో ముద్దులు, పూలు, ఫోటోలు. హిమేనా చెమటతో, రంగు కారుతున్న మొహంతో పరుగెత్తుకొచ్చింది. "నాకు మాట అందించిందెవరు? మొదటి వరసలో బూడిదరంగు గౌను!"

"ఎవరో నాటకాల పిచ్చిది అయ్యుంటుందిలే," అంది బేబా.

"నేనేనమ్మా," అంది సులేమా.

హిమేనా ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా కావిలించుకుంది. "మీరు లేకపోతే చచ్చేదాన్ని ఆంటీ! మీ పేరేంటి?"

"సులేమా బోన్‌ఫాంటే."

మెడ చుట్టూ ఉన్న చేతులు అక్కడే బిగుసుకున్నాయి. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఆ పేరంటే ఎంత భయమో సులేమాకి అప్పుడు తెలిసింది. పిల్ల వెనక్కి జరిగి తల్లిని చూసింది, సులేమాని చూసింది, ఇంకా జనం మెచ్చుకుంటూ బయటికి వస్తున్న తలుపు వైపు చూసింది. ఆ మొహంలో ఒక భయం పోయి, అంతకంటే పెద్ద భయం వచ్చింది.

"అమ్మా, ఈవిడ ఏ కుర్చీలో కూర్చుంది?"

"ఏమో, మధ్యలో..."

"ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వొద్దని చెప్పు. ఆంటీ, ఈ గౌనే వేసుకోండి. ఉతకొద్దు. ఇవాళ ఎలా జరిగిందో అన్నీ అలాగే జరగాలి, ఒక్కటి మారినా నేను స్టేజి ఎక్కను. డిసెంబరు దాకా ప్రతి ఆదివారం మీరు రావాలి. అమ్మా, పిలువు."

"వస్తుందిలేవే..."

"అమ్మా! పేరు పెట్టి పిలువు!"

బేబా చెయ్యి సగం దాకా లేచింది, కూతురు చూస్తోందని మళ్ళీ కిందికి దిగింది. "సులేమా," అంది, చేదు మందు మింగినట్టు. "వచ్చే ఆదివారం రా."

సులేమా ఆవిడ మొహాన్ని తనివితీరా చూసింది. డిసెంబరు దాకా తన ఆదివారాలు ఒక్కటి తప్పకుండా అన్నీ ఖాళీయే.

"ఆదివారాలు నాకు అస్సలు కుదరదు బేబా. బోలెడు పనులు," అని సంచి భుజాన వేసుకుని వీధిలోకి నడిచింది.

వెనక హిమేనా ఏడుపు, బేబా కసురు, చెప్పుల చప్పుడు. "సులేమా! ఆగవే, సులేమా!" అని మీర్తా. "సులేమా, మాట విను!" అని ఇంకొకరు. అందరికంటే పైన బేబా గొంతు, పళ్ళు కొరుకుతూనే బతిమాలుతూ: "సులేమా! సులేమా!" కూరగాయల కొట్టువాడు బయటికి వచ్చి చూశాడు. పై అంతస్తు కిటికీలు తెరుచుకున్నాయి. ఆ వీధి చివరిదాకా వినబడేలా ఆరుగురు ముసలాళ్ళు ఆమె పేరు పెట్టి అరుస్తున్నారు.

ఆవిడకి అక్కడే ఆగి వెనక్కి తిరగాలని ప్రాణం లాగేసింది. అయినా తిరగలేదు. మూల మలుపు ఇంకా చాలా దూరం ఉంది, అక్కడిదాకా అరవనీ అనుకుని, మోకాళ్ళ నొప్పి ఉన్నట్టు అడుగులో అడుగు వేస్తూ నడిచింది.