లక్ష్మక్క పిడికెడు బియ్యం

నాకు కోపం ఎక్కువ. పాస్టరు పెళ్ళానికి అంత కోపం తగదని మా అత్తగారు పెళ్ళైన కొత్తలోనే తేల్చేశారు. అయినా ఆ మూడు వారాలు నాకొచ్చింది కోపం కూడా కాదు, ఒట్టి అయోమయం.

మావారు కిరణ్‌కి ఉరవకొండ దగ్గర ఈ ఊరి చర్చి అప్పజెప్పి ఇంకా ఏడాది కాలేదు. మాది గుంటూరు వైపు. ఇక్కడ ఏ ఇంటి గడప తొక్కినా ముందు చెంబుతో నీళ్ళు, ఆ వెంటనే పళ్ళెం నిండా ఉగ్గాని, "ఇంగ రవ్వంత తినండమ్మా" అని బలవంతం. వద్దంటే అలుగుతారు. తింటే నాకు అరగదు. వానల్లేక వేరుశనగ చేలల్లోనే ఎండిపోయిన ఈ ఏడు కూడా వీళ్ళ చెయ్యి ముడుచుకోలేదు.

శనివారం పొద్దున సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం నా పని. విశ్వాసుల ఇళ్ళలో ఆడవాళ్ళు అన్నం వండిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తారు. దేవుడి బియ్యం అంటారు. వారానికి ఎంత పోగైతే అంతా నా సంచిలో పోస్తారు. మా పొయ్యి మీద ఉడికేది ఆ బియ్యమే.

లక్ష్మక్క ఇల్లు వీధి చివర. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. ఒక శనివారం ఆమె డబ్బా తేవడానికి లోపలికి వెళ్తే, కబుర్లు చెబుతూ నేనూ వెనకే వెళ్ళాను. బియ్యం కుండకి మూత లేదు. అడుగున మహా అయితే రెండు గుప్పెళ్ళు. రేషన్ రావడానికి ఇంకా పది రోజులుంది. నా గుండె తరుక్కుపోయింది.

పై శనివారం నుంచి ఆమె ఇంటి ముందు ఆగలేదు. "బాగున్నావా లక్ష్మక్కా!" అని నవ్వుతూ చెయ్యి ఊపి పక్కింటికి వెళ్ళిపోయాను. ఎంత మంచిదాన్నో అని లోలోపల మురిసిపోయాను కూడా, సిగ్గు లేకుండా.

మర్నాడు ఆమె చర్చికి రాలేదు. ఎప్పుడూ తలుపు పక్కన గోడకి ఆనుకుని, ప్రతి పాటా ఒక చరణం వెనకబడి పాడే మనిషి. జ్వరమేమో అనుకున్నాను. రెండో ఆదివారమూ లేదు. మూడో వారం బోరింగు దగ్గర చూస్తే ఆడవాళ్ళ బిందెలన్నీ ఒక వైపు, లక్ష్మక్క బిందె ఒక్కటీ ఇంకో వైపు. నన్ను చూడగానే తల దించుకుని, సగం కూడా నిండని బిందె ఎత్తుకుని గబగబా వెళ్ళిపోయింది.

"ఏమైంది ఈమెకి?" అని ఈశ్వరిని అడిగాను. ఈశ్వరి మా స్త్రీల సమాజానికి పెద్ద.

"మీకు తెలీదా అమ్మగారూ?"

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

"మీకు తెలిసే కదా చేసినారు."

"నేనేం చేశాను తల్లీ?"

"మీరు చేసింది తప్పని యాడంటిమి? రాండ, ఎండగా ఉండాది, మజ్జిగ తాగి పోదురు."

మజ్జిగ తాగాను. ఏమీ బోధపడలేదు. మా చర్చికే వచ్చే పుష్పావతి ఇంటికి వెళ్ళి అడిగితే "మాకెందుకులేమ్మా ఆ సంగతి" అని వేయించిన వేరుశనగలు నా ఒళ్ళో పోసింది. తిండి పెట్టడానికి ఇంత ధారాళంగా ఉండేవాళ్ళకి నోరు విప్పడానికి ఏం రోగం? ఒళ్ళు మండి, ఇంటికొచ్చి కిరణ్ మీద అరిచాను. "నేనేం చేశానే?" అన్నారు పాపం. నా ప్రశ్నా అదే కదా.

మూడో శనివారం సంచి తీసుకుని ముందుగా లక్ష్మక్క ఇంటికే వెళ్ళాను. ఆమె గడపలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు, నీళ్ళూ ఇవ్వలేదు. ఈ ఊళ్ళో నాకు అలా జరగడం అదే మొదలు.

"వస్తారని తెలుసమ్మా," అంది. "ఒప్పుకుంటా. పోయినాను."

"ఎక్కడికి?"

"మా అన్న ఊరికి. గంగమ్మ జాతరకి. పొట్టేలు కూర తింటి. మా వదిన బొట్టు పెడితే వద్దనలేదు. మీకెవురు చెప్పిరో గాని, నిజమే. అందుకే కదా నా బియ్యం తీసుకోకుండా పోతాండారు?"

"దానికీ బియ్యానికీ సంబంధం ఏంటి లక్ష్మక్కా?"

"అట్లంటారేమ్మా? ముందరుండిన అయ్యగారు బయ్యన్న ఇంట్లో తీసుకోవద్దనె, వాడు రెండో పెళ్ళి చేసుకున్నాడని. రామాంజినమ్మ ఇంట్లోనూ అంతే, మనవడికి గుళ్ళో పుట్టెంటికలు తీయించిందని. సంచి గడప ముందర ఆగకుండా పోయిందంటే ఆ ఇల్లు సంఘంలో లేనట్లే. ఊరంతా చూస్తాండారు కదా."

బోరింగు దగ్గర ఆ ఒంటరి బిందె గుర్తొచ్చింది. మూడు వారాలుగా ఈ ముసలామెని వెలేసింది నేనే. అదీ నవ్వుతూ, చెయ్యి ఊపుతూ.

"అయ్యో, నీ తప్పేం లేదు లక్ష్మక్కా! నీ కుండలో బియ్యం అడుగంటడం చూశాను. ఉన్న కాస్తా నేనెందుకు పట్టుకుపోవాలని ఆగలేదు. అంతే, ఒట్టు!"

ఆమె ముఖం తేటపడుతుందనుకున్నాను. ఇంకా ముడుచుకుపోయింది.

"తప్పు చేసినానంటే దేవుని కాళ్ళు పట్టుకుంటా. ఆయన క్షమిస్తాడు," అంది నెమ్మదిగా. "లేనిదాన్నంటే ఎవురి కాళ్ళు పట్టుకోవల్లమ్మా?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆమె లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చింది. అంచుల దాకా నిండి ఉంది.

"మూడు వారాలది. వండినప్పుడల్లా తీసి పెడతానే ఉన్నా. మీరు వద్దంటే దేవుడు వద్దన్నట్లా?"

సంచి విప్పబోయాను.

"ఈడ కాదు. వీధిలోకి రాండ."

వీధి మధ్యలో నిలబడి సంచి పట్టుకున్నాను. ఆమె తొందరపడకుండా, గింజ కింద పడకుండా పోసింది. ఎదురింటి అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. బోరింగు కొడుతున్న ఈశ్వరి చెయ్యి ఆగిపోయింది. డబ్బా బోర్లించి, అడుగు తట్టి, లక్ష్మక్క వాళ్ళందరి వైపూ ఒకసారి చూసింది.

"ఇంగ లోపలికి రాండమ్మా," అంది. "తిని పోదురు."

చాప పరిచింది. చెంబుతో నీళ్ళిచ్చింది. పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టి, పక్కన వేరుశనగ చట్నీ వేసింది. తిన్నాను. రెండో ముద్ద తెస్తుంటే నా చెయ్యి అలవాటుగా అడ్డం వెళ్ళబోయింది. వెనక్కి తీసుకున్నాను.