పడితే ఎవరు లేపుతారు

ఆదివారం సాయంత్రం పెరట్లో పైపు పట్టుకుని బురద కడగడం నా పని. మోటార్‌సైకిల్‌ని కాదు. బండిని మా ఆయన ప్లామెన్ తనే కడుక్కుంటాడు, చంటిపిల్లకి నీళ్ళు పోసినంత ముద్దుగా, చక్రాల పుల్లల మధ్య పాత పళ్ళ బ్రష్షు పెట్టి మరీ తోముతాడు. నేను కడిగేది ఆయనగారి ప్యాంటు, చొక్కా, మోకాళ్ళ తొడుగులు, బూట్లు. అడవి బురద ఊరికే పోదు. గోళ్ళతో గీకాలి. "బూట్ల నాలుకలు బయటికి లాగి ఆరబెట్టు, లేకపోతే కంపు కొడతాయి" అని ప్రతి ఆదివారం చెబుతాడు. పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ నాలుకలు లాగకుండా నేను ఒక్కసారైనా ఆరబెట్టానేమో అడగండి. మార్చి నెల చివరి ఆదివారం, చేతిలో పైపు అలాగే ఉండగా, "మే నెలలో తొమ్మిది రోజులు సెలవు పెడుతున్నా. నా బండి మీద రొదోపి కొండలకి వెళ్ళొస్తా. ఒక్కదాన్నే" అన్నాను. ప్లామెన్ చక్రం మీంచి తల కూడా ఎత్తలేదు.

"పడితే లేపగలవా?" అన్నాడు.

అంతే. వెళ్ళొద్దు అనలేదు. ఆ మాట అని ఉంటే గొడవ పడేదాన్ని, గొడవలో నేను గట్టిదాన్నే. ఇది గొడవ కాదు, లెక్క. నా బండి బరువు నూట తొంభై కిలోలు, నేను అరవై రెండు. నా నోరు మూయించడానికి ఆ రెండు అంకెలు చాలని మా ఆయనకి ఎప్పుడో తెలుసు.

నాకు బండి కొత్త కాదు. పద్దెనిమిదేళ్ళకే నాన్న పాత బండి మీద మా ఊరు త్రోయాన్ నుంచి పైన గొర్రెల దొడ్ల దాకా వెళ్ళి పాలు తెచ్చేదాన్ని. పెళ్ళయ్యాక ఆ బండి అమ్మేశారు, "ఇంటికి రెండు ఎందుకు?" అని. మళ్ళీ నా జీతంతో, కుట్టు వర్క్‌షాపులో కాలర్లు కుట్టిన జీతంతో, ఒకటి కొనుక్కునేసరికి నాకు యాభై నిండాయి. ఆ తర్వాత రెండు వేసవులు ప్లామెన్ వాళ్ళ క్లబ్బుతో కలిసి అడవి బాటల్లో తిరిగాను. వాళ్ళు ఏడుగురు మగాళ్ళు, ఎనిమిదో దాన్ని నేను. తిండి పెట్టె నా బండికే కట్టేవాళ్ళు, "దోన్కా మెల్లగా నడుపుతుంది, గుడ్లు పగలవు" అని. మెల్లగా నడిపేది ఆ పెట్టె వల్లనే అని ఎవరికీ తట్టలేదు. బురద గుంటలో నేను పడ్డాననుకోండి, నేను లేచేలోపే ఆరు చేతులొచ్చి బండిని లేపేసేవి. "ఆగండి, నేను చూస్తా" అంటే వినేవాళ్ళెవరు? ఆ తర్వాత ఏడాది పొడుగునా రకియా సారా గ్లాసుల దగ్గర అదే కథ, "దోన్కా బండిని మేం లేపాం, గుర్తుందా?" అని. వాళ్ళూ పడేవాళ్ళు. ఏం, నాకన్నా ఎక్కువే పడేవాళ్ళు. వాళ్ళనీ ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొచ్చి లేపేవాళ్ళు. ఆ కథలు మాత్రం ఎవరూ చెప్పుకోరు. మగాడు పడితే దారి బాగాలేదు. నేను పడితే నేను పడ్డాను.

ఆ వారమంతా వర్క్‌షాపులో కాలర్లు కుడుతూ అదే ఆలోచన. సెలవు చీటీ ఇస్తే మా సూపర్‌వైజరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి, "ఎవరితో వెళ్తున్నావ్?" అంది. "ఎవరితోనూ కాదు." "అయ్యో, ఇంట్లో ఏమైనా గొడవా?" అంది జాలిగా. ఆడది ఒక్కతే ఎక్కడికైనా బయల్దేరిందంటే అయితే ఎవరో తరిమేసి ఉండాలి, లేదా తనే పారిపోతూ ఉండాలి. మూడోది ఈవిడ పుస్తకంలో లేదు.

గురువారం మధ్యాహ్నం పని నుంచొచ్చాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు షెడ్డులో నా బండిని నేనే కింద పడేశాను. పాత పరుపు వేసి దాని మీద మెల్లగా పడుకోబెట్టాను. తర్వాత హ్యాండిల్ పట్టుకుని చేతుల్తో లాగాను. కదల్లేదు. ఇంకోసారి లాగాను, నడుములో కలుక్కుమంది. ఏడుపొచ్చింది. ఆ పరుపు అంచున కూర్చుని బండిని చూస్తూ ఉంటే, పక్కకి ఒరిగి, ఒక పిడి నేలకి ఆనుకుని, లేవలేక, లేపమని అడగలేక అలా పడి ఉన్న ఆకారం నాకు బాగా తెలిసినదే అనిపించింది. ఆ పరుపు కూడా అత్తమ్మదే.

పక్షవాతం వచ్చాక మా అత్తమ్మ నాలుగేళ్ళు మంచంలో ఉంది. తొంభై కిలోల మనిషి. మొదటి నెలలోనే నా నడుము పోయింది. అప్పుడు మా వీధి నర్సు మరూస్యా ఒక పూటంతా నిలబడి నాకు నేర్పింది. "చేతుల్తో లేపకే పిచ్చిదానా. చేతులు పట్టుకోడానికి మాత్రమే. బరువుని నీ ఒంటికి ఆనించుకో. వీపు నిటారుగా. పిర్రలు కిందికి దించు. ఇప్పుడు నేలని కాళ్ళతో తొయ్. కిందికి చూడకు, ఎదురుగా చూడు." పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి, పడుకునే ముందు ఇంకోసారి. ఒళ్ళు తుడవడానికి, దుప్పటి మార్చడానికి, కుర్చీలో కూర్చోబెట్టడానికి. నాలుగేళ్ళు. లెక్క నేను వేయలేదు, వేస్తే భయమేస్తుంది. ప్లామెన్ పని నుంచొచ్చి గుమ్మంలోంచే "అమ్మ తిన్నదా?" అని అడిగేవాడు. ఒకసారి నా నడుము పట్టేసి, ఒక చెయ్యి వెయ్యమంటే, "నేను ముట్టుకుంటే అమ్మకి సిగ్గుగా ఉంటుంది, నువ్వే అలవాటు" అన్నాడు. ప్లామెన్ చెల్లెలు పండక్కి వచ్చి, "వదిన అదృష్టవంతురాలు, ఇంట్లోనే ఉద్యోగం లాగా" అంది. అత్తమ్మ మాత్రం, పెళ్ళైన రోజు నుంచి నా సూపులో ఉప్పు తక్కువనీ ఎక్కువనీ చంపుకుతిన్న మా అత్తమ్మ, చివరి ఏడాది మాట కాస్త తిరిగినప్పుడు, నా మెడ చుట్టూ చెయ్యి వేసుకుని, "నువ్వు ఎద్దువే అమ్మాయీ" అంది. మా వైపు అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు. ఆ రోజు నేను వంటింట్లోకి పోయి ఒళ్ళు మరిచి ఏడ్చాను.

షెడ్డులో లేచి నిలబడ్డాను. అత్తమ్మనైతే గుండెకి ఆనించుకునేదాన్ని. బండికి అలా కుదరదు. అందుకని అటు తిరిగి వీపు ఆనించాను. బండి దొర్లిపోకుండా గేరులో పెట్టాను. హ్యాండిల్ పూర్తిగా తిప్పాను. ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో సీటు కింది కమ్మీ పట్టుకుని, పిర్రలు సీటుకి ఆనించి, నిటారుగా, ఎదురుగా గోడ మీది కేలండర్ చూస్తూ, నేలని కాళ్ళతో తోశాను. చిన్న చిన్న అడుగులు వెనక్కి. బండి లేచింది. ఎంత సులువుగా లేచిందంటే, అటువైపు పడిపోతుందేమోనని భయపడ్డాను. అప్పుడు ఒక్కదాన్నే నవ్వాను. పరుపు మీద తొమ్మిదిసార్లు పడేసి తొమ్మిదిసార్లు లేపాను. ఎనిమిదోసారి తర్వాత అవసరం లేదు, అయినా లేపాను.

ఏప్రిల్ మొదటి ఆదివారం మాకు బండ్ల సీజను మొదలు. చౌకులో బండ్లన్నీ వరసగా పెడితే, చర్చి ఫాదరు తులసి రెమ్మల కట్టని మంత్రించిన నీళ్ళలో ముంచి ఒక్కో బండి మీద చిలకరిస్తాడు. తర్వాత క్లబ్బు పెద్ద కుంచో వాళ్ళ పెరట్లో భోజనాలు. మగాళ్ళు బల్ల దగ్గర, మేము పొయ్యి దగ్గర. నేను జున్ను పెట్టిన బానిత్సా రొట్టె ముక్కలు పంచుతూ ఉండగా కుంచో గ్లాసెత్తాడు.

"చెల్లెమ్మా, రొదోపికి వెళ్తావటగా. ప్లామెన్ చెప్పాడు. మరి పడితే?"

బల్లంతా నవ్వు. ప్లామెన్ కూడా నవ్వాడు, తల వంచుకుని. ఇంట్లో అడిగింది ఇక్కడికి తెచ్చాడన్నమాట. పళ్ళెం బల్ల మీద పెట్టి, చేతులు ఎప్రన్‌కి తుడుచుకున్నాను.

"పడెయ్యండి" అన్నాను.

"ఏంటి?"

"నా బండి. గేటు దగ్గరుంది. పడేసి చూడండి."

పడేశారు. ఎంత ఇష్టంగా పడేశారో. కుడివైపు పడేశారు, ఎడమవైపున్న స్టాండు నాకు అందకుండా. నేను ముందు అవతలివైపుకి వెళ్ళి, వంగి స్టాండు బయటికి లాగి, మళ్ళీ వచ్చి, వీపు తిప్పి, పిర్రలు దించి, తోశాను. లేచింది. స్టాండు మీద నిలబడింది. పొయ్యి దగ్గర కుంచో భార్య చేతిలోని గరిట పక్కన పెట్టి చూస్తోంది. ప్లామెన్, నిజంగా తెలుసుకోవాలన్నట్టు, మెల్లగా అడిగాడు.

"ఎవరు నేర్పారు నీకిది?"

"మీ అమ్మ" అన్నాను.

ప్లామెన్ మొహం చూశాను. అర్థమైంది తనకి. ఏదో అనబోయాడు కూడా. కానీ అది చాలా చిన్న క్షణం. ఈలోపు కుంచో, "సరే, ఇది చదును నేల. కొండ వాలులోనో?" అన్నాడు. ఇంకొకడు, "ఒకసారి లేపొచ్చు. మూడోసారి?" అన్నాడు. ప్లామెన్ ఊపిరి పీల్చుకుని, "అదీ నిజమే దోన్కా. పంచరైతే? వాన పడితే?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. ఈ పరీక్షలో పాసవడం అంటూ లేదు. ఒకటి నెగ్గితే ఇంకో ప్రశ్న, అది నెగ్గితే ఇంకోటి, ముసలిదాన్నయ్యేదాకా. ఇరవై తొమ్మిదేళ్ళుగా రాస్తున్నానే, అసలు వీళ్ళని పరీక్ష పెట్టేవాళ్ళుగా కూర్చోబెట్టిందెవరు? నేనే కదూ, ప్రతిసారీ పైపు చేత పట్టుకుని అడిగి.

"కుంచో, నీ బండి పడుకోబెట్టు" అన్నాను.

"నాదా?"

"నీదే. లేపు."

అందరూ చూస్తున్నారు, ఇక తప్పదు. కుంచో పెద్ద బండిని గడ్డి మీదికి ఒరిగించాడు. మెడ నరాలు ఉబ్బేలా చేతుల్తో లాగాడు. జానెడు లేచింది, ఆగింది. "ఆగండి, వదలండి వాణ్ణి" అని నేను అంటూనే ఉన్నాను, ఇద్దరు అప్పటికే వెళ్ళి చెరో పక్కా పట్టేశారు, ప్లామెన్ వెనక నుంచి తోశాడు, బండి లేచి నిలబడింది. "చూశావా?" అన్నాడు కుంచో చేతులు దులుపుకుని. వాడు అబద్ధమాడటం లేదు. నిజంగానే తనే లేపాననుకున్నాడు. మిగతావాళ్ళూ అలాగే అనుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళలో ఒక్కడూ ఒంటరిగా బండి లేపలేదు, ఆ సంగతి వాళ్ళకే తెలియదు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళ మీద జాలేసింది, నా మీద నాకు గర్వమేసింది, గర్వం అని ఒప్పుకోడానికి సిగ్గు కూడా వేయలేదు. ఎప్రన్ విప్పి కుర్చీ మీద వేసి, బల్ల దగ్గర కూర్చుని, ఒక బానిత్సా ముక్క నా కోసం తీసుకున్నాను. ఇంకేం అడగలేదు. ఆ తర్వాత ఆ ప్రయాణం గురించి ఎవరినీ ఏమీ అడగలేదు.

మే పదకొండున బయల్దేరాను. కనుమ దాటి, మైదానం దాటి, అయిదో రోజుకి ఆర్దా నది పైన ఒక మట్టిదారిలో ఉన్నాను. పొద్దున వాన. దిగుడులో, మలుపు దగ్గర, ముందు చక్రం రాళ్ళలో జారింది. పడ్డాను. మోచెయ్యి గీసుకుంది. ఇంజన్ ఆపేసి చూస్తే, బండి వాలుకి అడ్డంగా పడి ఉంది, చక్రాలు ఎగువకి, సీటు దిగువకి. కుంచో అడిగిన వాలే. సంచులన్నీ విప్పి పక్కన పెట్టాను. వీపు ఆనించి తోశాను. లేవలేదు. మళ్ళీ తోశాను. నా కాళ్ళే జారి, బురదలో కూలబడ్డాను. అప్పుడు భయమేసింది, అబద్ధం ఎందుకు. ఆ ఏడుగురూ బల్ల చుట్టూ కూర్చుని గ్లాసులెత్తడం కళ్ళకి కట్టింది. దారి మీద ఒక్క మనిషి లేడు. రొట్టె, టమాటా, ఉప్పు జున్ను తీసి నిదానంగా తిన్నాను. లేపలేనిది మోటుగా లేపకూడదు, ముందు తిప్పాలి. మంచం గోడవైపు ఉన్నప్పుడు అత్తమ్మని ఎలా తిప్పేదాన్నో ఆలోచించాను. ముందు చక్రం పట్టుకుని జానెడు జానెడు లాగాను, అరగంట పట్టింది. చక్రాలు దిగువకి, సీటు ఎగువకి వచ్చేదాకా లాగాను. అప్పుడు వీపు తిప్పాను. ఎదురుగా నది. దాన్నే చూస్తూ తోశాను. లేచింది.

చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. ఫొటో లేదు, సాక్ష్యం లేదు. బట్టల నిండా బురద, నా సొంత బురద. ఇంత గొప్పగా నాకు ఎప్పుడూ అనిపించలేదు. సంచులు కడుతుంటే ఫోను మోగింది. ప్లామెన్.

"ఎలా ఉన్నావ్? పడ్డావా?"

"పడ్డాను" అన్నాను. ఆ మాట చెప్పడం ఎంత బాగుందో.

"అయ్యో. మరి... ఎవరున్నారక్కడ?"

"ఎవరూ లేరు ప్లామెన్" అన్నాను. "అందుకేగా వచ్చింది."