ఆదివారం పోసిన ఆపిల్ రసం

జిల్లా ఆరోగ్య శాఖలో వెర్నా కుబిచెక్ చేసే పని వినడానికి తేలికే. తిండి వల్ల ఎవరికైనా జబ్బు చేస్తే వాళ్లకు ఫోన్ చేసి, గత వారం రోజుల్లో ఏమేం తిన్నారో అడగాలి. అందుకు పద్నాలుగు పేజీల జాబితా ఉంది. దాన్ని వరస తప్పకుండా చదవాలి, మధ్యలో సొంత మాట కలపకూడదు. నెబ్రాస్కాలోని ఆ చిన్న జిల్లాలో ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఆ జాబితానే చదువుతోంది.

ఆ అక్టోబరు గురువారం మూడో తల్లికి ఫోన్ చేసింది. సోమవారం నుంచి మూడిళ్లలో ముగ్గురు పిల్లలకు ఒకటే జబ్బు, నెత్తురు విరేచనాలు.

"హోటల్లో ఏమైనా తిన్నారా?"

"లేదండీ."

"దుకాణంలో పళ్లరసం కొన్నారా?"

"కొనలేదండీ. అసలు మేం బయటి తిండే తినం."

మొదటి ఇద్దరు తల్లులూ అచ్చం ఇలాగే చెప్పారు. ముగ్గురూ వెర్నా వెళ్లే చర్చివాళ్లే. ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో పెట్టేదాన్ని ఆ ఊళ్లో ఎవరూ బయటి తిండి అనుకోరు. కొన్నదీ కాదు, ఇంట్లో వండిందీ కాదు. పద్నాలుగు పేజీలు రాసిన మహానుభావులకు దాని ఊసే తట్టలేదు. వెర్నా జాబితా పక్కన పడేసింది.

"ఎమిల్ తెచ్చే ఆపిల్ రసం తాగాడా మీవాడు?"

"తాగకేం! మూడు కప్పులు. మీరేగా పోశారు!"

ఎమిల్ స్వోబొద తోటలో ఆవులు తిరుగుతాయి. ఆ పేడ నేల మీద రాలిన కాయలు కూడా ఏరి రసం పిండుతాడు. కాచితే రుచి పోతుందని కాచడు. పైసా పుచ్చుకోకుండా ప్రతి ఆదివారం చర్చికి మోసుకొస్తాడు. ఇవన్నీ ఊరందరికీ తెలుసు, వెర్నాకూ తెలుసు.

ఆవిడ పై అధికారి క్లెయిటన్ గదిలోకి పరుగున వెళ్లింది. ఆయన అంతా విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అనుమానం మీద ప్రకటన ఇమ్మంటారా? పుచ్చకాయల మీద ఇలాగే ప్రకటనిస్తే ఆ రైతు మనల్ని కోర్టుకీడ్చింది మరిచిపోయారా?"

"పేరు వద్దు. కాచని రసం తాగొద్దని చెబుదాం, అంతే."

"ఈ జిల్లాలో కాచని రసం తీసేది ఎమిల్ ఒక్కడే. ఇక పేరు చెప్పకపోవడమేంటి?" అని బల్లమీది లావుపాటి పుస్తకం తట్టాడు. సత్వర స్పందన ప్రణాళిక అట దాని పేరు. "పద్ధతి ప్రకారం ల్యాబు ఫలితం రావాలి, లాయరు సంతకం పెట్టాలి. సోమవారానికి అయిపోతాయి."

"సోమవారం కంటే ముందు ఆదివారం వస్తుంది, క్లెయిటన్."

"ఈలోగా బయట నోరు విప్పారో, మీ ఉద్యోగం ఉండదు. పింఛనుకి ఇంకెంత కాలం ఉంది?"

"పద్నాలుగు నెలలు."

"మరింకేం. వెళ్లి ఫారాలు పూర్తి చేయండి."

శనివారం ఆవిడ రెండుసార్లు ఎమిల్ నంబరు నొక్కి, మోగకముందే పెట్టేసింది.

ఆదివారం అందరికంటే ముందే హాల్లోకి దిగింది. ఎమిల్ డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు. జనం కొలాచీలనే తీపి బన్నులు తింటూ చుట్టూ మూగారు. వెర్నా కాలు జారినట్టు నటించి, డబ్బాని రెండు చేతులా నెట్టేసింది. రసమంతా నేలపాలైంది.

"ఏంటి వెర్నా, పొద్దున్నే చుక్కేసుకొచ్చారా?" అంది జోలీన్, నాలుగేళ్ల కూతురు టెస్సాని చంకనేసుకుని. అందరూ గొల్లుమన్నారు.

ఎమిల్ తనే గుడ్డ తెచ్చి తుడిచాడు. "పోతే పోయిందిలే వెర్నా, బాధపడకు. బండిలో ఇంకో రెండు డబ్బాలున్నాయి" అని మెట్లెక్కి పైకి వెళ్లాడు.

అందరూ నవ్వుతూ ఆవిడనే చూస్తున్నారు. తాగొద్దు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. క్లెయిటన్ గుర్తొచ్చాడు, పద్నాలుగు నెలలు గుర్తొచ్చాయి, నేల తుడిచిన ఎమిల్ ముఖం గుర్తొచ్చింది. ఇంతలో అతను డబ్బాతో దిగనే దిగాడు. పిల్లలు కప్పులు పట్టుకుని ఎగబడ్డారు. వెర్నా కోటు తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. అంత పిరికితనం ఆవిడ తనలో ఎప్పుడూ ఎరగదు.

సోమవారం పదకొండింటికి ప్రకటన వెలువడింది. మొదటి కేసు నుంచి ఏడే రోజులు! పోయినసారి పదమూడు పట్టింది. రాష్ట్ర కార్యాలయం నుంచి మెచ్చుకోలు ఉత్తరం వస్తే, క్లెయిటన్ దాన్ని గోడకి అంటించాడు. ఆ వారాంతానికి జబ్బుపడ్డవాళ్లు పదకొండు మంది అయ్యారు.

పదకొండో పేరు టెస్సాది. వెర్నా ఫోన్ చేయలేక ఒమాహా ఆసుపత్రికి తనే వెళ్లింది. పిల్ల మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. మంచం పక్కన యంత్రం ఆ పని చేస్తోంది. జోలీన్ తల తిప్పి చూసింది.

"ఆ రోజు మీ కాలు జారలేదు కదూ?"

"లేదు."

"ఎమిల్ పైకెళ్లి వచ్చేసరికి రెండు నిమిషాలైనా పట్టి ఉంటుంది. అంతసేపూ మీరు నా ఎదురుగానే ఉన్నారు. టెస్సా నా చంకలోనే ఉంది."

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను, జోలీన్."

జోలీన్ ఆవిడ మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు వైపే చూసింది.

"పోయిందా?" అని అడిగింది.

"లేదు" అంది వెర్నా.