మనం అనబోయి

నీళ్ళలో మొహం ముంచి పది లెక్కపెట్టాలి. అతను ఆరు దాకా వచ్చి లేచాడు. ముక్కులోకి నీళ్ళెక్కి ఉక్కిరిబిక్కిరవుతుంటే, పక్కన గోడ పట్టుకుని కాళ్ళాడిస్తున్న ఆవిడ, నిన్న అయిదు, ఇవాళ ఆరు, ఈ లెక్కన మనవలు పుట్టేలోగా చేప అయిపోతారంది.

నలభై నాలుగేళ్ళ వయసులో ఈత నేర్చుకుంటున్నాడు. విడాకులైన కొత్తల్లో మొదట గిటారు కొన్నాడు. పక్కవాటా వాళ్ళు మర్యాదస్తులు గనక ఏమీ అనలేదు, తనే సిగ్గుపడి అటకెక్కించాడు. తరవాత మొక్కలు పెంచాడు, అవి చచ్చిపోయాయి. సెలవురోజు పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తెలియని మనిషి ఏదో ఒకటి చెయ్యాలి కదా. చివరికి పొద్దున ఆరింటికి పెద్దవాళ్ళకి ఈత నేర్పే తరగతిలో చేరాడు. నాలుగు నెలలైంది. ఇంకా గోడ వదల్లేదు.

ఆవిడ అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని చేస్తుంది. ఆవిడకీ పెళ్ళయి, తెగిపోయి ఆరేళ్ళు. కళ్ళజోడు తీసేస్తే అతనికి లోకమంతా అలుక్కుపోయినట్టుంటుంది, అంచేత కొలనులో ఆవిణ్ణి ఎర్రటోపీని బట్టి పోల్చుకుంటాడు. బయట టీ దుకాణం దగ్గర జోడు పెట్టుకుని చూసినప్పుడు ఆవిడ కళ్ళ కింద ముడతలు కనిపించాయి. నవ్వి నవ్వి పడ్డ ముడతలు. అవే అతనికి ముందుగా నచ్చాయి.

ఇవాళ ఆవిడ తల తుడుచుకుంటూ, మాట మధ్యలో మాటలాగా, "ఆదివారం మనం సైకిళ్ళ మీద చెరువు దాకా వెళ్ళొద్దామా?" అంది.

మనం. నాలుగు నెలలుగా మీరూ, నేనూ వేరువేరుగానే నడిచాయి. అతను సరేనన్నాడు. అన్నాక ఇవాళ ఏ రోజో గుర్తొచ్చింది.

సాయంత్రం ఏడింటికి అతని కూతురి కోసం వాళ్ళమ్మ వస్తుంది. ఆమెకి వేరే ఊరు బదిలీ అయింది, రైల్లో ఎనిమిది గంటల ప్రయాణం. పిల్లకి పదకొండేళ్ళు. రెండేళ్ళుగా ఒక వారం అక్కడ, ఒక వారం ఇక్కడ. ఇకమీదట అలా కుదరదు. ఎవరి దగ్గరుంటావో నువ్వే చెప్పమని ఇద్దరూ నెల గడువిచ్చారు. నువ్వేం చెప్పినా మాకు సమ్మతమే అని ఇద్దరూ అన్నారు, ఇద్దరూ అబద్ధమే ఆడారు. ఆ గడువు ఇవాళ్టితో సరి. వెళ్తే సెలవులకి మాత్రం వస్తుంది. ఉంటే ఇక్కడే, అతని దగ్గరే. వాళ్ళమ్మ రెండు టిక్కెట్లు కొని ఉంచింది.

ఆశ ఎందుకుందంటే, ఒకే ఒక్క మాట వల్ల. పిల్ల వాళ్ళమ్మ ఇంటిని 'అమ్మ వాళ్ళిల్లు' అంటుంది, ఈ రెండు గదుల వాటాని 'మనిల్లు' అంటుంది. 'మనింట్లో కుళాయి కారుతోంది నాన్నా' అని ఒకసారి అన్నప్పుడు అతను కుళాయి సంగతి మరిచిపోయి ఆ మాటనే పట్టుకుని రెండు రోజులు తిరిగాడు. మా ఇల్లు కాదు, మీ ఇల్లు కాదు. మనది. అక్కడికెళ్ళి ఆ ఇంటిని ఏమంటుందో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఈతకొలను ఆవిడ సంగతి మాత్రం పిల్లతో అనలేదు. అనొద్దని అక్క ఫోనులో గట్టిగా చెప్పింది. "పిల్ల ఎటూ తేల్చుకోకముందే ఆ ముచ్చట ఎత్తావో, చేజేతులా పంపించేసుకున్నట్టే. నోటికి తాళం వేసుకో," అంది. వేసుకున్నాడు.

కళ్ళజోళ్ళ దుకాణంలో అతని చోటు వెనక గదిలో. ముందు అద్దాల బీరువాలూ, నవ్వే అమ్మాయిలూ ఉంటారు. వెనక నీళ్ళు చిమ్ముతూ తిరిగే సానచక్రం, తెల్లటి పొడి, అతనూ ఉంటారు. గుండ్రంగా వచ్చిన అద్దానికి కంటిపాప ఎక్కడికి రావాలో అక్కడ చుక్క పెట్టి, ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచు పదును చేసి, ఫ్రేముని వేడిచేసి లోపలికి నొక్కాలి. టిక్కుమని చప్పుడొస్తే కుదిరినట్టు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. బొటనవేలి కొసా చూపుడువేలి కొసా చక్రానికి తగిలీ తగిలీ నున్నబడ్డాయి, వేలిముద్ర అడిగినచోటల్లా యంత్రం అతన్ని గుర్తుపట్టదు. దుకాణంలో అందరూ అతన్ని మిల్లీమీటరు అంటారు. చుక్క ఒక మిల్లీమీటరు జరిగినా మనిషికి తల తిరుగుతుందని అతను కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ పాఠం చెబుతాడు. వాళ్ళు వెనక్కి తిరిగి నవ్వుకుంటారు.

ఆ మిల్లీమీటరు ఇవాళ కుడి కంటి అద్దం తీసి ఎడమ కంటికి అరగదీశాడు. పూర్తయ్యాక గాని చూసుకోలేదు. ముసలి యజమాని అద్దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, అతని మొహం చూసి, ఇవాళ నీ బుర్ర ఇంట్లో మరిచిపోయొచ్చావు, ఆ బుర్ర దగ్గరికే వెళ్ళిపో అని గంట ముందే పంపించేశాడు. తిట్టి ఉంటే బావుండేది. జాలిపడ్డాడని అర్థమై అతనికి ఇంకా భయం వేసింది.

బడి గేటు దగ్గర పిల్ల ఆఖరి రోజు సామానంతా చంకన పెట్టుకుని వచ్చింది. అతను బాగా రాశావా అన్నాడు, పరీక్షలు పోయిన వారమే అయిపోయాయి నాన్నా అంది. దారంతా కాళ్ళకి అడ్డొచ్చిన రాయినొకదాన్ని తన్నుకుంటూ నడిచింది. ఆ రాయి ఎటు పోతే అటు అతని ప్రాణం పోయింది.

ఇంటికొచ్చాక తల దువ్వమంది. జడ వెయ్యడం అతను కిటికీ ఊచకి తాడు కట్టి నేర్చుకున్నాడు. మొదట్లో పిల్ల బడికి తాడు లాంటి జడతోనే వెళ్ళింది, పాపం ఎవరితోనూ చెప్పలేదు. ఇప్పుడు పాయలు సమానంగా తీసి, గట్టిగా లాగకుండా, కింది దాకా అల్లగలడు. ఇవాళ రెండుసార్లు విప్పి మళ్ళీ అల్లాడు. ఇక చాల్లే నాన్నా అనేదాకా వదల్లేదు.

ఆరుంబావుకి అన్నానికి కూర్చున్నారు. గోడ గడియారం వంక చూడకూడదని అతను అనుకున్నాడు, చూస్తూనే ఉన్నాడు. పిల్ల అన్నంలో వేలితో గీతలు గీస్తోంది. గీసి గీసి తలెత్తకుండానే అంది.

"ఆదివారం ఏం చేద్దాం నాన్నా?"

చేద్దాం అంది. ఆదివారానికి తను ఇక్కడే ఉంటుందన్నమాట! నెల రోజులుగా గుండెల మీదున్న బండ ఒక్కసారిగా పక్కకి దొర్లింది. ఆ సంతోషంలో ఒళ్ళు తెలియలేదు. మనం ముగ్గురం వెళ్దాం, పిల్లకీ ఒక సైకిలు అద్దెకి తీసుకుందాం అని ఎక్కడెక్కడికో ఆలోచన పరిగెత్తింది. మనం అనబోయాడు.

"ఆదివారం మేం చెరువు దాకా సైకిళ్ళ మీద వెళ్దామనుకున్నాం," అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. పిల్ల వేలు అన్నంలో ఆగిపోయింది.

"మేం అంటే?"

ఈత తరగతి వాళ్ళందరం అనొచ్చు. దుకాణం వాళ్ళం అనొచ్చు. రెండూ నోటిదాకా వచ్చాయి. కానీ పిల్ల తలెత్తి అతన్నే చూస్తోంది. ఆ చూపు ముందు ఏ అబద్ధమూ నిలబడేట్టు లేదు. కొలను దగ్గర పరిచయమైన ఒకావిడ అని చెప్పాడు. పుస్తకాలు కుడుతుందనీ, నాలుగు నెలలుగా తెలుసనీ, నీకు చెప్పడానికి భయపడ్డాననీ చెప్పాడు. చెబుతుంటే చెవులు వేడెక్కాయి. అక్క మాట విననందుకు తన్ను తానే తిట్టుకున్నాడు.

"ఆవిడ నిన్ను నవ్విస్తుందా?"

"నవ్విస్తుంది."

"రోజూనా?"

"దాదాపు రోజూ. నా ఈత చూసి."

పిల్ల ఊపిరి వదిలింది. పరీక్ష కాగితం ఇచ్చేసి బయటికొచ్చిన పిల్లలు అలా వదులుతారు. భుజాలు కిందికి దిగాయి. కోపం వస్తుందనీ, ఏడుస్తుందనీ అతను ఎదురు చూశాడు గాని, అలా తేలికపడుతుందని అనుకోలేదు.

"నేను ఉండిపోదామనుకున్నా నాన్నా," అంది నెమ్మదిగా. "అమ్మకి అమ్మమ్మ ఉంది, ఆఫీసు వాళ్ళున్నారు. నీకెవరూ లేరు కదా. నువ్వొక్కడివే అన్నం తింటావని." ఆగింది. "నాకు మాత్రం అమ్మతో వెళ్ళాలనుంది."

అప్పటికి అర్థమైంది. ఈ నెలంతా పిల్ల ఎటు మొగ్గుతుందో అని అతను తూకం చూస్తుంటే, పిల్ల అతన్ని తూచింది. తను ఒంటరిగా కనిపించినంత కాలం పిల్ల తనదే. ఇప్పుడైనా మించిపోయిందేమీ లేదు. ఆవిడదేముంది, ఊరికే పరిచయం, రేపో మాపో మాట్లాడుకోవడం కూడా మానేస్తాం అని ఒక్క ముక్క అంటే చాలు. పిల్ల నమ్ముతుంది. సంచి సర్దుకోదు. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. అన్నాడంటే ఇంకో ఏడేళ్ళు పిల్ల తన ఎదురుగా కూర్చుని తనకి కాపలా కాస్తూ అన్నం తింటుంది.

గడియారం ఆరూ నలభై చూపిస్తోంది.

"వెళ్ళొద్దువు గాని తల్లీ. ముందు తిను, చల్లారిపోతోంది," అన్నాడు.

తనూ తిన్నాడు. ఉప్పుందో లేదో తెలియలేదు. ముద్ద తరవాత ముద్ద మింగాడు. పిల్ల ఆకలిగా, మారు వడ్డించుకుని మరీ తింది. నెల రోజుల్లో అంత తినడం అదే మొదలు. చెయ్యి కడుక్కుని సంచి సర్దుకుంది.

వాళ్ళమ్మ అయిదు నిమిషాల ముందే వచ్చింది. గుమ్మం దగ్గర సర్దిన సంచి చూసింది. కళ్ళు నిండాయి. మొహం పక్కకి తిప్పుకుని తుడుచుకుంది. తరవాత, ఈ రెండేళ్ళలో మొదటిసారి పిల్ల సంగతి కాకుండా, "నువ్వెలా ఉన్నావు?" అంది.

"బాగానే ఉన్నా. దాని జడ కింది నుంచి విప్పు. పైనుంచి లాగితే నొప్పంటుంది."

ఆ సంగతి ఆమెకి అతనికంటే ముందే తెలుసు. అయినా సరేనంది.

టాక్సీ కింద హారను కొట్టింది. పిల్ల చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మళ్ళీ తీసి, లోపలికి పరిగెత్తింది. బల్ల మీద కాగితమ్ముక్క పరిచి, వాళ్ళమ్మనడిగి కొత్త చిరునామా ఒక్కొక్క అక్షరమే నిదానంగా రాసింది. పైన ఎవరిల్లో రాయడానికి చోటు వదిలింది. పెన్సిలు కొస కొరుక్కుంటూ ఆ ఖాళీ వైపు చాలాసేపు చూసింది. కింద మళ్ళీ హారను మోగింది. ఆ చోటు అలాగే వదిలేసి లేచింది. అతని నడుము చుట్టూ చేతులు వేసి, పొట్టకి మొహం అదిమి, వదిలి, మెట్లు దిగిపోయింది. అతను కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి టాక్సీ మలుపు తిరిగింది.

కంచాలు తీద్దామని బల్ల దగ్గరికొచ్చి, తియ్యకుండా కూర్చున్నాడు. కాగితం పక్కన పొట్టి పెన్సిలు ఉండిపోయింది. కొసంతా పంటిగాట్లు, నమిలినచోట తడి ఇంకా ఆరలేదు.