మూసీ పిల్లగాని పళ్ళెం

రఘునాథ్‌ది మలక్‌పేటలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. అక్కడ అతను చెప్పేది పై అధికారి వినడు. సైదాబాద్ ఇంట్లో అతను చెప్పేది భార్య అలివేలు విన్నట్టు తలాడిస్తుంది, అంతే. ఆదివారం పొద్దున మాత్రం అతను నోరు తెరిస్తే పాతిక మంది చెవులప్పగిస్తారు. పాత నగరాన్ని కాలినడకన చూపించడం అతని సరదా. దారులు రెండే. ఒకటి పురానాపూల్ నుంచి మూసీ వెంట నడిచి, ఉస్మానియా దవాఖానా దగ్గరున్న పాత చింతచెట్టు కింద కాసేపు ఆగి, నయాపూల్ దాటి, చార్మినార్ పక్కన ఇరానీ చాయ్‌తో ముగిసేది. రెండోది మౌలాలి గుట్ట ఎక్కేది. ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. పొగడ్తలు మాత్రం ఎన్నిచ్చినా కాదనడు.

ఆ పొగడ్తల దగ్గరే వచ్చింది చిక్కంతా. పంతొమ్మిది వందల ఎనిమిదిలో మూసీ పొంగి ఊరిని ఊడ్చుకుపోయినప్పుడు ఆ చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. చాలాకాలం రఘునాథ్ ఆ ముక్క ఉన్నదున్నట్టే చెప్పేవాడు. వినేవాళ్ళు మూసీ కంపుకు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకొని, రెండో చేత్తో ఫోన్లు చూసుకునేవాళ్ళు. ఒక ఆదివారం ఎవరో, “మీవోళ్ళు గిట్ల ఉండిరా అన్నా ఈ చెట్టు మీద?” అని మాటవరసకు అడిగారు. లేరంటే సరిపోయేది. ఏ దయ్యం పట్టిందో, “ఉండె. మా ముత్తాత. అప్పుడు నాలుగేండ్ల పిల్లగాడు” అనేశాడు.

అందరి ఫోన్లూ కిందికి దిగాయి. ముక్కుల మీది గుడ్డలు కూడా దిగాయి. అంతమంది కళ్ళు అలా తనమీద నిలవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఇక ఆగబుద్ధి కాలేదు. మరుసటి వారం ఆ పిల్లవాడికి ఒక తల్లిని కల్పించాడు. పీకల్లోతు నీళ్ళలో నిలబడి బిడ్డను పైకందించింది. ఇంకో వారం కొమ్మ మీదినుంచి వంగి బిడ్డ చెయ్యి పట్టుకున్న ముక్కూమొహం తెలియని మనిషిని చేర్చాడు. ఆ తర్వాత, వరద జోరు పెరిగి ఆ మనిషి చెయ్యి జారిందనీ, పిల్లవాడు కింది కొమ్మల్లో చిక్కుకొని తెల్లారేదాకా వేలాడి బతికాడనీ చెప్పాడు. అక్కడ చెప్పడం ఆపి చెట్టును అరచేత్తో నిమిరేవాడు. చప్పట్లు తప్పకుండా పడేవి.

అలివేలుకు ఈ సంగతి తెలిసి పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. రఘునాథ్ ముత్తాత నల్గొండ దిక్కున మేకలు కాసుకొని బతికిన మనిషి. మూసీ వరదను కాదు కదా, చార్మినార్‌ను కూడా చూడకుండానే పోయాడు. ఆయనను చెట్టెక్కించావు సరే, దింపడం మరిచిపోకు అని మొగుణ్ణి ఆటపట్టించింది. అప్పటికి అది ఇద్దరికీ నవ్వులాటే.

ఆ వానాకాలంలో గౌలిపుర నుంచి రశ్మి అనే కాలేజీ అమ్మాయి నడకకు వచ్చింది. వాళ్ళది తరాలుగా ఇత్తడి సామాన్ల దుకాణం నడుపుతున్న ఇల్లు. చెట్టు కింద కథ విని ఆ పిల్ల ఏడ్చింది. తన కథకు కన్నీళ్ళు కూడా వస్తున్నాయని రఘునాథ్ లోలోపల మురిసిపోయాడు. మరుసటి ఆదివారం గుంపు చెట్టు దగ్గరికి చేరేసరికి రశ్మి అక్కడ ముందే ఉంది. పక్కన కర్ర పట్టుకొని ఒక పెద్దావిడ. మా నానమ్మ నాగమణమ్మ అని పరిచయం చేసి, ఆటోలో తీసుకొచ్చాననీ, కథ మళ్ళీ ఒకసారి చెప్పమనీ బతిమాలింది.

రఘునాథ్ చెప్పాడు. ఆవిడ కోసం ఇంకాస్త బాగా చెప్పాడు. అయిపోయాక నాగమణమ్మ దగ్గరికొచ్చి అతని మణికట్టు పట్టుకుంది. వదలలేదు. గుంపును రశ్మితో ముందుకు పంపి, చెట్టు మొదట్లో కూర్చొని, వాళ్ళింటి సంగతి చెప్పింది.

ఆవిడ మామగారి తండ్రి రామ్‌చందర్ వరద నాడు ఈ చెట్టు మీదే ఉన్నాడట. కింద నీళ్ళలో ఎవరో తల్లి తన బిడ్డను పైకెత్తితే ఆయన చెయ్యి అందించాడట. కొంతసేపు పట్టుకున్నాడు. తర్వాత ఆ చెయ్యి జారింది. ఆయన బతికి ఇంటికొచ్చాడు కానీ, బతికినందుకు చచ్చేదాకా సిగ్గుపడ్డాడు. పెత్తరమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాడు, ఇక్కడివాళ్ళు పోయిన పెద్దల పేర్లు చెప్పి పురోహితుడైన అయ్యగారికి పళ్ళెంలో బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. ఇచ్చేదాకా ఇచ్చేవాళ్ళు మెతుకు ముట్టరు. రామ్‌చందర్ ఆ మరుసటి ఏడు నుంచి తన పెద్దల పళ్ళేల పక్కన ఇంకొకటి పెట్టాడు. అయ్యగారు పేరు, గోత్రం అడిగితే తెలియదు కాబట్టి, మూసీ పిల్లగాడు అని చెప్పేవాడు. ఆయన తర్వాత కొడుకు, మనవడు, ఇప్పుడు నాగమణమ్మ చిన్నకొడుకు, ఎవరూ ఆ పళ్ళెం తప్పించలేదు.

అప్పుడావిడ అసలు మాట బయటపెట్టింది.

“పిల్లగాడు పోయిండనే అనుకున్నం బిడ్డా. ఆ ఉసురే తగిలి నా పెద్దకొడుకు నాలుగేండ్లకే జొరమొచ్చి పోయిండని ఇన్నేండ్లు లోపల్లోపల కుమిలిన. ఎవ్వరికి చెప్పలే. గా పిల్లగాడు బతికిండంటే, నా కొడుకు ఎవ్వరి ఉసురుతోటి పోనట్టే గదా?”

అప్పుడే చెప్పవలసింది. రఘునాథ్‌కు ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అప్పుడే చెప్పవలసిందనిపించేది. కానీ ఆవిడ మొహంలోకి చూస్తూ అతని నోటికి వచ్చింది ఒకటే మాట.

“పోలే, పెద్దమ్మా.”

ఆవిడ అతని చేతిని కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత అతను మూసీ దారే మానేశాడు. వారం వారం మౌలాలి గుట్టే. వచ్చేవాళ్ళు విసుక్కున్నారు, చింతచెట్టు కథ కావాలని గోలపెట్టారు. వానలకు నది ఒడ్డు బురదగా ఉందని దాటవేశాడు. గుట్ట మీద కథలు కల్పించడం కూడా మానుకున్నాడు. మెట్లు ఎవరు కట్టించారు, దర్గా ఎప్పటిది అని అడిగితే తెలిసినంత చెప్పి, మిగతాది తెలియదనేవాడు. తెలియదు అనే మాట అంత హాయిగా ఉంటుందని అతనికి ఇంతకాలం తట్టలేదు. పైకెక్కితే ఊరంతా కనిపిస్తుంది. మూసీ ఉన్న వైపు మాత్రం అతను వీపు పెట్టి నిలబడేవాడు.

ఎంత ఎత్తెక్కితే మాత్రం తప్పించుకోవడం కుదురుతుందా? ఒక ఆదివారం రశ్మి గుట్ట మీదికే వచ్చింది. పెత్తరమాస నాడు మధ్యాహ్నం భోజనానికి రావాలనీ, నానమ్మ ఒట్టేసి రమ్మందనీ చెప్పింది.

అలివేలు ఈసారి నవ్వలేదు. “పోయి నిజం చెప్పు. ఆమె తిడితే తిట్టని, కొడితే కొట్టని. గింత పెద్ద మనిషి తోటి గట్ల ఆడుకునుడు ఏంది?” అంది. చెబుతానని మాటిచ్చి బయల్దేరాడు. దారి పొడుగునా ఆ రెండు ముక్కలే వల్లెవేసుకున్నాడు. మా ముత్తాత చెట్టు మీద లేడు పెద్దమ్మా. నేను అబద్ధమాడిన.

గౌలిపుర సందులో ఆ ఇంట్లోకి అడుగుపెట్టేసరికి అయ్యగారు పీట మీద కూర్చొని ఉన్నాడు. నాగమణమ్మ చిన్నకొడుకు ఒక్కొక్క పేరు చెబుతూ పళ్ళేలు అందిస్తున్నాడు. తండ్రి పేరు, తాత పేరు, రామ్‌చందర్ పేరు అయిపోయాయి. అయ్యగారు అలవాటుగా ఇంకో పళ్ళెం కోసం చెయ్యి చాచి, మూసీ పిల్లగానిదేదని అడిగాడు. నాగమణమ్మ రఘునాథ్‌ను చూసి నవ్వింది. ఆ పళ్ళెం ఇక లేదనీ, పిల్లవాడు బతికి పిల్లాపాపలతో వర్ధిల్లాడనీ, ఇదిగో అతని మునిమనవడనీ చెప్పింది. అయ్యగారు కళ్ళు చెమర్చి రఘునాథ్‌ను దీవించాడు.

రఘునాథ్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే నాగమణమ్మ అతని ముందు విస్తరి వేసింది. ఆ పిల్లగానికని ఏటా తీసి పెట్టే బియ్యంతోనే ఇవాళ అన్నం వండించానంది.

“కడుపునిండ తినాలె. ఈ నెల దినాలసంది కంటినిండ నిద్రపోతున్న బిడ్డా. నా కొడుకు కలలకొచ్చిండు. నవ్వుకుంట వచ్చిండు.”

ఇక చెప్పడానికి అతనికి గుండె చాలలేదు. నిజం చెబితే ఆవిడ కొడుకు మళ్ళీ చనిపోతాడు. అందుకే ఊరుకున్నానని తనకు తాను చెప్పుకున్నాడు కానీ, అది సగమే. ఆ ఇంట్లో అందరూ తనను చూస్తున్న చూపు పోతుందన్న భయం మిగతా సగం. పిరికితనానికి జాలి ముసుగు వేస్తున్నానని అతనికి తెలుసు. తెలిసే అన్నం కలిపాడు. ఆవిడ గారెలు వేసింది, తిన్నాడు. పాయసం పోసింది, తాగాడు. ప్రతి ముద్దనూ నీళ్ళతో దింపుకున్నాడు. వద్దంటే మొహమాటం అనుకొని ఇంకా వడ్డించింది.

బయటికొచ్చాక కళ్ళు మూసుకొని నడవగలిగిన సందుల్లోనే దారి తప్పాడు. ఒక మూల తిరిగి ఎవరి గోడకో చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. అక్కడ నిలబడ్డాక గాని అతనికి తను చేసిన పని పూర్తిగా అర్థం కాలేదు. అతని ముత్తాత కథ అబద్ధం. కానీ నీళ్ళలో పోయిన ఆ పిల్లవాడు నిజం. వాడికి పేరు లేదు, గోత్రం లేదు, తలుచుకోవడానికి నా అన్నవాళ్ళు మిగిలారో లేదో తెలియదు. ఈ లోకం మొత్తంలో వాడికంటూ ఉన్నది ఏడాదికొక పళ్ళెం. నాలుగు తరాలవాళ్ళు తప్పకుండా పెట్టిన ఆ పళ్ళెం ఇవాళ ఆగిపోయింది. చప్పట్ల కోసం తనే ఆపాడు.

సందు చివర కిరాణా దుకాణంలో బియ్యం, పప్పు, రెండు ఆనపకాయలు కొన్నాడు. లాల్ దర్వాజా వైపున్న ఒక చిన్న గుడికి దాదాపు పరుగున పోయాడు. అక్కడి ముసలి అయ్యగారు వచ్చిన బియ్యమంతా మూట కట్టుకొని లేవబోతున్నాడు. రఘునాథ్ అరుగు మీదున్న పళ్ళెం అడిగి తీసుకొని, అన్నీ అందులో సర్ది ముందు పెట్టాడు.

ఎవరి పేరుననో చెప్పమన్నాడు అయ్యగారు.

“పేరు తెల్వదయ్యా. మూసీల పోయిన పిల్లగాడు.”

అయ్యగారు ఇంకేమీ అడగకుండా పళ్ళెం అందుకోబోయి, రఘునాథ్ వేళ్ళకున్న నెయ్యి జిడ్డు చూసి ఆగాడు. తిని వచ్చావా అని అడిగాడు. రఘునాథ్ తల దించుకున్నాడు. తిన్నవాళ్ళ చేతి బియ్యం పెద్దలకు చెల్లదనీ, వచ్చే ఏడు పరగడుపున రమ్మనీ చెప్పి, అయ్యగారు పళ్ళేన్ని మెల్లగా అతని వైపు జరిపాడు. అంతటితో ఊరుకోక, పెద్దాయన గనక, కొంచెం మందలింపుగా కూడా అడిగాడు.

“ఇచ్చేదాంక ఆగకపోతివా నాయనా. ఎవరి అన్నం తిన్నవు గంత తొందరపడి?”

“ఈ పిల్లగానిదే అయ్యా” అన్నాడు రఘునాథ్.